ఇల్లు మరిచిపోని పొగ

రండర్రా, దగ్గరగా జరిగి కూర్చోండి. సోఫియా, గుమ్మంలో కాదమ్మా, లోపల చోటుంది.

రెండువేల మూడులో సంగతి. నర్సీపట్నం పక్కనున్న మన ఊళ్లో రాజులమ్మ పంచాయతీ స్వీపరు. పొద్దున్నే వీధులూడ్చి, చెత్తంతా బండిలో తోసుకెళ్లి ఊరి చివర మైదానంలో పోసేది. నాలుగింటికి అంటించేది. మిగతా ఊళ్లలో అలాంటి పొగ పైకిపోయి భూమినంతా వేడెక్కించేది. మన ఊళ్లో పైకి పోయేది కాదు. ఎవరింటి చెత్త పొగ వాళ్లింటికి నడిచెళ్లేది. నాలుగవగానే అందరూ కిటికీలు మూసుకుని, ఐదింటికి తెరిచేవారు. అంతే.

ఒకరోజు మూడింటికి పెద్ద ఆఫీసరు వస్తారని కబురొచ్చింది. ఈలోగా కుప్ప తగలెట్టెయ్యమన్నాడు సెక్రటరీ మన్మథరావు. రాజులమ్మ అగ్గిపుల్ల గియ్యలేదు.

"ఈయేళ కుప్పంతా ప్రెసిడెంటమ్మగారింటి బారసాల ఇస్తరాకులే బాబూ. పొగ మొత్తం ఆ ఇంటికే పోతాది. ఉయ్యాల్లో పసోడికి అసలే ఆయాసం. సాయంత్రానికి గొయ్యి తవ్వి కప్పెట్టేస్తాను."

"నువ్వేటి, ఇంజనీరువా? అంటించు. లేకపోతే రేపట్నించి పన్లోకి రాకు."

ఆ జీతం మీదే ఆమె ఇల్లు గడిచేది. అయినా అగ్గిపెట్టె అక్కడే పడేసి పరుగెత్తింది. మన్మథరావే అంటించాడు.

అప్పటికి రెండున్నరే. ఊళ్లో కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. రాజులమ్మ వెనక్కి తిరిగి చూస్తే పొగ రోడ్డెక్కింది. రైసుమిల్లు దాటింది. చర్చి దగ్గర, ఎవరినీ అడక్కుండానే, మలుపు తిరిగింది.

ప్రెసిడెంటు పుష్పవతిగారు ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇంటినిండా పొగ. తడుముకుంటూ ఉయ్యాల దగ్గరికెళ్తే అందులో పొగే పడుకుని ఉంది. కోడలూ లేదు, మనవడూ లేడు. రాజులమ్మ ఇద్దర్నీ పెరటి గుమ్మంలోంచి మైదానానికి తీసుకుపోయిందని ఎదురింటివాళ్లు చెప్పారు. పుష్పవతిగారు చెప్పుల్లేకుండా పరుగెత్తారు.

మైదానంలో బూడిద ఉంది, పొగ లేదు. చెత్తబండి మీద కోడలు కూర్చునుంది. పిల్లాడు రాజులమ్మ ఒళ్లో నిద్రపోతున్నాడు.

"బయల్దేరిన చోటికి పొగ మళ్లీ రాదమ్మగారూ. ఇప్పుడు ఊళ్లో మంచిగాలి ఇక్కడే ఉంది."

పుష్పవతిగారు పిల్లాడి గుండెకి చెవి ఆనించి చాలాసేపు విన్నారు. పిల్లికూతలు లేవు.

అంతలో జీపొచ్చింది. పని ఎగ్గొట్టిన మనిషిని తీసేస్తున్నామని మన్మథరావు ఆఫీసరుకి చెప్పబోయాడు. ప్రెసిడెంటుగారు అడ్డొచ్చారు.

"మా ఊళ్లో ఇకమీద చెత్త కాల్చమండీ. గోతుల్లో ఎరువు చేయిస్తాం. ఆ పనికి పెద్ద ఈవిడే."

ఆవేళ్టి నుంచి నాలుగింటికి మనూళ్లో ఎవరూ కిటికీలు ముయ్యలేదు.

పొద్దుపోయింది, ఇంక ఇళ్లకెళ్లి అన్నాలు తినండి. తిన్న ఆకు మాత్రం రాజులమ్మ గోతిలోనే వెయ్యండి.