ఇంజను పీకేసిన ఇల్లు

మా ఇళ్ల పైకప్పు రేకులు మా చేతే విప్పించాడు కాంట్రాక్టరు. దాన్నీ ఆ రోజు డ్యూటీలోనే కలిపేశాడు. అది పాత బస్సులను ముక్కలు చేసే యార్డు. గోడ వారగా ఉన్న షెడ్లలో మా కాపురాలు. ఆ జాగాలో గోడౌన్ కడతాడట. పైన మగవాళ్లు బోల్టులు విప్పుతుంటే, కింద పిల్లలు కంచాల్లో తుప్పు రాలకుండా చేతులు అడ్డం పెట్టుకున్నారు. ఒక్కరమూ నోరెత్తలేదు. అది తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

"నేనేమన్నా రాక్షసుణ్ణా? ఆ మూల డొక్కు బస్సులు పడున్నాయిగా, వాటిల్లో ఉండండి. కదలని బండ్లు నాకెందుకు?" అన్నాడు దానకర్ణుడి ఫోజు పెట్టి. మాలో కొందరు దండాలు కూడా పెట్టారు.

బస్సుని ఇల్లు చెయ్యడం మాకు చేతకాని పనా? సీట్లన్నీ పీకి, రెండింటిని ఎదురెదురుగా బిగించి పరుపు పరిస్తే మంచం. సామాన్ల అరల్లో గిన్నెలు. వెనక అత్యవసర ద్వారం దగ్గర పొయ్యి, పొగ అట్నుంచే పోతుంది. నేల తుప్పు తిన్న చోటల్లా మాలోని వెల్డర్ వేరే రేకు అతికించాడు. నేను సీట్లు కుట్టేదాన్ని. చిరిగిన సీట్లలోంచి స్పాంజి తీసి, రెగ్జిన్‌లో పెట్టి కుట్టి, ఎండకి కాలిపోయే టాపుకి లోపలివైపు బిగించాను. మా అత్త కండక్టరు సీటు దిగితే ఒట్టు. ఎవరొచ్చినా "ముందుకి జరగండి, ముందుకి జరగండి" అని వాయించేది. ఆ ఇనప డబ్బాల్లో ఉంటూ కూడా నవ్వుకున్నాం, మనుషులం కదా.

అందరికంటే బాగా కుదిరింది గేర్ల తాత ఇల్లు. తాత యార్డు మెకానిక్కు. ఆయన కూతురు నిండు నెలలతో ఉంది. ఆమె మొగుడు ఆర్నెల్ల కిందట ఇదే యార్డులో క్రేను కింద పడి పోయాడు. పుట్టబోయే బిడ్డ కోసం తాత పైకమ్మీకి ఉయ్యాల కట్టాడు. గాలి దూరకుండా కిటికీలన్నిటికీ రబ్బరు బిగించాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు.

"చచ్చిన ఇంజను పక్కన నాకు నిద్ర పట్టదే," అనేవాడు. ముక్కలైన బస్సుల్లోంచి ఒక్కో సామాను ఏరుకొచ్చి బిగించాడు. మనవరాలు పుట్టిన కొద్ది రోజులకే ఇంజను దగ్గింది, పొగ కక్కింది, తర్వాత సాఫీగా తిరిగింది. మేమంతా చప్పట్లు కొట్టాం. ఆ చప్పుడు ఆఫీసు గదిలో ఉన్న కాంట్రాక్టరుకీ వినబడుతుందని ఎవరికీ తట్టలేదు.

మర్నాడు పొద్దున్నే వాడి డ్రైవరు వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు. వెనక పొయ్యి మీద తాత కూతురు, బిడ్డ స్నానానికి నీళ్లు కాస్తోంది. బస్సు ఒక్క కుదుపుతో కదిలింది. గిన్నె బోర్లపడి, మరిగే నీళ్లు ఆమె కాళ్ల మీద పడ్డాయి. ఆ కేకకి డ్రైవరు బ్రేకు వేశాడు.

"లోపల మనుషులున్నారు సార్!"

"దింపేసి పోనియ్యరా!" అన్నాడు జీపులోంచి కాంట్రాక్టరు.

తల్లినీ బిడ్డనీ మట్టిలో దింపేశారు. తాత అడ్డంగా పరిగెత్తాడు.

"నేనిచ్చింది కదలని బండి. కదిలిందా, నాది," అన్నాడు కాంట్రాక్టరు. కొత్త సైటులో వాడికి ఆఫీసుగా ఆ బస్సు కావాలట. గిన్నెలతో, ఉయ్యాలతో సహా ఇల్లు గేటు దాటి పోయింది.

ఆ సాయంత్రం అందరం పోగయ్యాం. వెల్డర్ తాత మీదికి లేచాడు.

"ఎవడు చెప్పాడయ్యా నీకు దాన్ని బాగుచెయ్యమని?"

"పని నేర్చిన చేతులురా, ఊరుకోలేదు," అన్నాడు తాత తల దించుకుని.

"వెళ్లి కాళ్లు పట్టుకుందాం. ఎంతైనా మనకి నీడనిచ్చినోడు," అంది మా అత్త.

నాకు తిక్క రేగింది. "ఎన్నాళ్లు పట్టుకుంటాం అత్తా? ఇందులో తాత తప్పేముంది? మనం తుప్పుని ఇల్లు చేస్తే, అది వాడిదైపోయింది. రేపు నీ కండక్టరు సీటు నచ్చితే అదీ పట్టుకుపోతాడు!"

కాళ్లకి గుడ్డలు చుట్టుకుని కూర్చున్న కూతురు అప్పుడు నోరు విప్పింది. "నాన్నా, మిగిలిన బస్సుల ఇంజన్లు పీకెయ్యి. చక్రాలు కూడా. ఒక్కటీ ఉంచకు."

వెల్డరే లేచి తాత చేతికి స్పానరు అందించాడు.

మర్నాడు యార్డులో పని జరగలేదు. మాకు బుద్ధి తెలిశాక చేసిన మొదటి సమ్మె అది. ఆడా మగా కలిసి బస్సులను జాకీల మీద లేపి చక్రాలు ఊడదీశాం. ఇంజన్లను తాళ్లు కట్టి లాక్కెళ్లి ఆఫీసు గుమ్మం ముందు వరసగా పడేశాం. "కదిలేవన్నీ నీవి, తీసుకో! కదలనివి మావి!" అని అరిచాం. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు.

పోలీసులొచ్చారు. ఆస్తి ధ్వంసం అన్నారు. తాత చేతులకున్న గ్రీజే సాక్ష్యమన్నారు. తాతని ఎక్కించుకున్న వ్యానుకి మేం అడ్డం పడుకుంటే లాఠీలతో లేపారు. రెండ్రోజులకి కబురొచ్చింది, లాకప్పులో గుండె ఆగి పోయాడని. వెళ్లి చూస్తే వీపంతా కమిలిపోయి ఉంది. గుండె ఆగితే వీపు కములుతుందా?

"నేరుగా శ్మశానానికి తీసుకెళ్లండి. ఎక్కడా ఆగడానికి వీల్లేదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ముందు ఇంటికి తీసుకెళ్లాలి," అంది కూతురు.

"ఏ ఇల్లు?"

"మా ఇల్లు. మా నాన్న కట్టింది."

శవాన్ని భుజాలకెత్తుకుని కాంట్రాక్టరు కొత్త సైటు వైపు నడిచాం. అందరికంటే ముందు కూతురు, చంకలో బిడ్డతో. దారిలో పక్క యార్డుల కూలీలు కలిశారు. కాలేజీ పిల్లలు పుస్తకాలతోనే వచ్చి కలిశారు. బస్సు తోలుకుపోయిన డ్రైవరు సైటు గేటు దగ్గరే ఉన్నాడు. కూతురి కాళ్ల వంక చూసి తాళం తీశాడు. తర్వాత మాతోనే లోపలికొచ్చాడు.

కాంట్రాక్టరు బల్లనీ కుర్చీలనీ వెనక ద్వారంలోంచి బయటికి తోసేశాం. తాతని ఆయన బిగించుకున్న మంచం మీదే పడుకోబెట్టాం. మా అత్త వంగి ఆయన నుదుటి మీద చెయ్యి వేసి, "ఎవడొస్తాడో రానియ్యండి," అంది.

పోలీసు వ్యాన్లు గేటు దగ్గర ఆగాయి. మేం బస్సు చుట్టూ చేతులు కలిపి నిలబడ్డాం. కూతురు బిడ్డని నా చేతికిచ్చి, కాలిన కాళ్లతోనే బస్సు కిందికి దూరి, ఇంజను బోల్టులు విప్పడం మొదలుపెట్టింది.