బోర్డులో కుడి సగం

గరిటె అక్క కాలిన రోజు పొద్దున బోర్డు మీద నేను రాసిన వార్తలు ఇవి. వక్తృత్వ పోటీల్లో మన కళాశాలకు రెండో బహుమతి. గ్రంథాలయానికి కొత్త కుర్చీలు వచ్చాయి. సైకిళ్లు గోడకు ఆనించరాదు.

ఎడమవైపు సగం వార్తలకు, కుడివైపు సగం రాబోయే కార్యక్రమాలకు. కుడివైపు ఆ వేళ సంస్థాపక దినోత్సవం, పాటల పోటీ, మొక్కలు నాటడం రాశాను. ప్రతిదాని కిందా తారీఖు, సమయం, స్థలం. చివర 'అందరూ ఆహ్వానితులే'. అలా రాయకపోతే అది కార్యక్రమమే కాదు మా కాలేజీలో.

మాది చిన్న కాలేజీ. ఒక హాలు, రెండు వరసల గదులు, వెనక హాస్టలు, దానికి ఆనుకుని వంటగది. ఇంత చిన్న చోట ఏ సంగతైనా బోర్డు కంటే ముందు నోటిమాటగా తెలిసిపోతుంది. అయినా అందరూ ఆగి చదువుతారు. బోర్డెక్కితేనే అది జరిగినట్టు లెక్క. లెక్కల సార్ పెళ్లి చేసుకుని వచ్చినా, బోర్డు మీద పడేదాకా ఆయన్ని ఒక్కరూ పలకరించలేదని సీనియర్లు చెప్పుకుని నవ్వేవారు.

ప్రిన్సిపాల్ గారి గదిలోంచి అటెండరు బాబాయి చీటీ తెస్తాడు, నేను చూసి రాస్తాను, సాయంత్రం బాబాయే తుడుస్తాడు. మా ఊరి బళ్లో పలక మీద దిద్ది నేర్చుకున్న రాత నాది. నా దగ్గర ఉన్న గొప్ప అదొక్కటే. నలుగురు ఉన్నచోట నోరు పెగలదు. అందుకే వంటగది వాళ్లు నాకు 'సుద్దముక్క' అని పేరు పెట్టారు.

"బోర్డు మీద తప్ప ఇంకెక్కడా పలకదమ్మా ఈ పిల్ల," అనేది గరిటె అక్క.

ఆవిడ మాకు వడ్డించే మనిషి. అడక్కుండానే రెండో గరిటె వేసేది. మొహమాటస్థులకు మరీనూ. "నువ్వు అడగవు, నాకు తెలుసు. నీ పళ్లెమే నాతో మాట్లాడుతుంది," అని వేసి వెళ్లిపోయేది. వంటగది నడిపే కంట్రాక్టరు అక్కడే నిలబడి చూస్తున్న రోజుల్లో గరిటె నిండుగా ముంచి, అది ఒకటే అన్నట్టు మొహం పెట్టేది.

వంటగదిలో అన్నిటికంటే పెద్ద గుండిగకు ఒక చెవి ఎప్పుడో ఊడిపోయింది. వంటవాళ్లలో పెద్దదాన్ని మేమంతా పిన్ని అని పిలుస్తాం. ఆ చెవి వేయించమని పిన్ని కంట్రాక్టరుకు చెప్పి చెప్పి విసిగిపోయింది. "రెండోది ఉందిగా," అనేవాడు ఆయన. ఊడిన చోట తీగ చుట్టి, గుడ్డ అడ్డం పెట్టుకుని ఇద్దరు కలిసి దింపేవారు.

ఆ మధ్యాహ్నం నేను సీసాలో నీళ్లు పట్టుకోవడానికి వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. తీగ తెగింది. మరిగే నీళ్లు గరిటె అక్క నడుం మీంచి కాళ్ల దాకా పడ్డాయి. ఆమె కేక వేయలేదు. పారుతున్న నీళ్లు చూసి నాతో, "పక్కకి జరగవే, కాళ్లు కాలతాయి," అంది. ఆ తర్వాత కూలబడింది.

కంట్రాక్టరు వచ్చి మొట్టమొదట అడిగింది, పిల్లలకు భోజనం ఆలస్యమవుతుందా అని. కూరగాయల బండిలో ఆమెను ఆసుపత్రికి పంపించాడు. వెనకే తనూ వెళ్లి, ఇంట్లో పొయ్యి దగ్గర కాలిందని రాయించాడు.

పిన్ని సాయంత్రం పళ్లేలు కడిగే తొట్టి దగ్గర కూర్చుని మాకు ఆ సంగతి చెప్పింది. "పనిలో కాలిందని కాలేజీ ఒక్క మాట అంటే చాలు. పెద్దాసుపత్రిలో కంట్రాక్టరే చూపించాలి. ఇంట్లో కాలిందంటే మటుకు దాని చావు దానిది. ఇప్పుడు వరండాలో పడుకోబెట్టారు. మంచం లేదంట."

మర్నాడు చీటీలో ఆ మాట లేదు. కొత్త కుర్చీలను జాగ్రత్తగా వాడుకోవాలని ఉంది.

"బాబాయ్, అక్క సంగతి?" అన్నాను. బాబాయిని నేను అడిగిన మొదటి ప్రశ్న అదే అనుకుంటాను.

"చీటీలో లేదన్నారమ్మా," అన్నాడు బాబాయి నేల చూస్తూ.

కుర్చీల గురించి రాశాను.

ఆ వారమంతా తొట్టి దగ్గరే మా సభలు. మూడో సంవత్సరం అన్న ఒకడున్నాడు. పాటల పోటీకైనా, సంతాప సభకైనా మైకు అతనిదే. అందుకని మైకన్న అంటాం. పనివాళ్లతో కలిసి మనం నిలబడాలని మైకన్న అన్నాడు. వెంటనే గొడవ మొదలైంది.

"పరీక్షలు దగ్గరికొచ్చాయి. వంటవాళ్ల గొడవ మనకెందుకు?"

"నువ్వు మూడు పూటలా తినేది ఎవరి చేతిదిరా మరి?"

"తింటున్నందుకు కడుతున్నాం కదా."

"కట్టింది కంట్రాక్టరుకి. కాలింది అక్క."

ఈ చివరి మాట అన్నది వక్తృత్వంలో బహుమతి తెచ్చిన పిల్ల. వేదిక మీద చేతులు తిప్పుతూ మాట్లాడే మనిషి, ఆ రోజు చేతులు కట్టుకుని మాట్లాడింది. నేను తొట్టి చివర కూర్చుని వింటున్నాను.

మైకన్న, పిన్ని, ఇంకొందరు ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్లారు. వెనకాల నేనూ వెళ్లాను. ఆయన కోప్పడలేదు. పిన్నిని కూర్చోమన్నారు. పిన్ని కూర్చోలేదు.

"చూడమ్మా, నాకూ బాధగానే ఉంది. కానీ మీరు కంట్రాక్టరు మనుషులు. బోర్డేమో కళాశాల కుటుంబానిది. అందులో మీ విషయం ఎలా వేస్తాం?"

"మరి మేం వండిందీ?" అంది పిన్ని.

"అర్థం కాలేదు."

"మేం వండింది కుటుంబంలోకి వస్తదా, రాదా అని."

ఆయన గడియారం చూసుకున్నారు. బయట కంట్రాక్టరు స్కూటరు మీద కూర్చుని ఉన్నాడు. "ఏంటి పిన్నీ, కాలేజీలో చేరతావా? ఏ గ్రూపు?" అన్నాడు. పక్కనున్నవాళ్లు కొందరు నవ్వారు. మా వాళ్లే.

ఆ సాయంత్రమే నిర్ణయమైంది. సోమవారం నుంచి పొయ్యిలు వెలగవు. మేం తినం. మన వంటగదిలో కాలిందని ప్రిన్సిపాల్ నోటితో అనేదాకా అంతే.

"బోర్డు మీద వేద్దాం," అన్నాడు మైకన్న. "దొంగతనంగా ఎందుకు? రాబోయే కార్యక్రమాల్లో వేద్దాం."

అందరి మొహాలూ వెలిగాయి. అన్నేళ్లుగా ఆ బోర్డు ముందు నుంచి గిన్నెలు మోసుకెళ్లిన ఆడవాళ్లకు అంతకంటే కావలసిందేమీ లేనట్టు అనిపించింది. పిన్ని, "మా సంగతి బోర్డెక్కుతదా?" అని రెండుసార్లు అడిగింది. వద్దన్నవాళ్లు ఒక్కరూ లేరు. ఏ పనైనా ముందు కుడివైపు రాసి, ఆ తర్వాతే చేయడం మాకందరికీ ఊపిరి పీల్చుకున్నంత అలవాటు.

మర్నాడు చీటీ రాకముందే రాశాను. 'పొయ్యిల బంద్. సోమవారం ఉదయం ఏడు గంటలకు. మన వంటగది ముందు. అందరూ ఆహ్వానితులే.' నా జీవితంలో అంత అందంగా ఎప్పుడూ రాయలేదు. వంటగది ఆడవాళ్లు చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డారు.

"మన వంటగది అన్న మాట ఏదే?" అంది పిన్ని.

చూపించాను. అక్షరాలు చెరగకుండా, వాటి కింద గాలిలోనే వేలు నడిపింది.

ప్రిన్సిపాల్ గారు వచ్చారు. మొత్తం చదివారు. ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయారు. తుడవమని బాబాయికి చెప్పలేదు. భయపడ్డాడని మేం చంకలు గుద్దుకున్నాం.

ఆ ఆదివారం హాస్టలు ఫోనుకు అమ్మ చేసింది. చెప్పాను. "మనకెందుకే అవన్నీ. తలొంచుకుని చదువుకో," అంది. మళ్లీ తనే, "ఆవిడకి పిల్లలున్నారా?" అని అడిగింది. బడికెళ్లే కూతురుందని చెప్పాను. అమ్మ ఫోను పెట్టేసింది.

సోమవారం మేం వెళ్లేసరికి వాళ్లు ముందే ఉన్నారు. వంటగది ముందు పోలీసు జీపు. దాని వెనక కంట్రాక్టరు వ్యాను, నిండా తిండి పొట్లాలు. గుమ్మంలో మేమెప్పుడూ చూడని వంటవాళ్లు. ఎన్నింటికి, ఎక్కడికి రావాలో మేమే గుండ్రని అక్షరాల్లో రాసి పెట్టాం. ఎవరూ వెతుక్కోనక్కర్లేకపోయింది.

"అందరూ ఆహ్వానితులే అన్నారుగా. వచ్చాం," అన్నాడు ఇన్స్పెక్టరు.

మైకన్న ఏదో అనబోయాడు. మైకు లేకుండా అతని గొంతు ఎంత చిన్నదో అప్పుడే తెలిసింది. ఇద్దరు పట్టుకుని జీపులోకి తోశారు. పిన్ని తనంతట తనే ఎక్కింది. ఎక్కేముందు చెప్పులు విడిచి, మళ్లీ తొడుక్కుంది. ఎందుకో ఆమెకే తెలియదనుకుంటాను.

తర్వాత పొట్లాలు పంచారు. ఎవరూ చెయ్యి చాపలేదు. గుమాస్తా వచ్చి, తినని వాళ్ల ఇళ్లకు కబురు పంపుతామనీ, స్కాలర్‌షిప్పులు ఆగిపోతాయనీ చెప్పాడు. ఒక చెయ్యి ముందుకు వచ్చింది. తర్వాత వరస కట్టారు. వక్తృత్వం పిల్ల కూడా తీసుకుంది. తీసుకుని గోడ వైపు తిరిగి తిన్నది. మధ్యాహ్నానికి పొయ్యిలు వెలిగాయి. కొత్త వంటవాళ్లు అదే గుండిగ ఎక్కించారు. చెవి ఊడిన చోట కొత్త తీగ చుట్టి ఉంది.

వంటగది ఆడవాళ్లను మర్నాటి నుంచి గేటు లోపలికి రానివ్వలేదు. పొద్దున్నే వచ్చి గేటు బయట కూర్చునేవారు. మా కళ్లలోకి చూసేవారు కాదు. మేమూ చూడలేకపోయాం. తొట్టి దగ్గర సభలు ఆగిపోయాయి. ఎవరికి వాళ్లు పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు.

సంస్థాపక దినోత్సవం రోజు పొద్దున బాబాయి చీటీ తెచ్చాడు. 'అందరికీ శుభాకాంక్షలు. వంటగది యథావిధిగా పనిచేయును.' చీటీ నా చేతిలో పెట్టి, వెళ్లకుండా నిలబడ్డాడు.

"అమ్మా, ఆవిడ పోయింది. ఆ వరండాలోనే," అన్నాడు.

నేను చీటీ చూడలేదు. ఎడమవైపు రాశాను. 'గరిటె అక్క చనిపోయింది. మన వంటగదిలో కాలింది.' అక్షరాలు వంకరపోయాయి.

ప్రిన్సిపాల్ గారు కొత్త బట్టల్లో వచ్చారు. "తుడిచెయ్," అన్నారు. బాబాయి తుడిచాడు. నా చేతిలో సుద్దముక్క అలాగే ఉంది, కానీ చెయ్యి పైకి లేవలేదు. అప్పుడు వెనక నుంచి ఎవరో దాన్ని తీసుకున్నారు. వక్తృత్వం పిల్ల. అవే మాటలు రాసింది. బాబాయి తుడిచాడు. ఆమె వెనక ఇంకొకడు రాశాడు. "వంటవాళ్ల గొడవ మనకెందుకు" అన్నవాడు. బాబాయి అదీ తుడిచాడు. భోజనాల హాలు ముందు కట్టిన వరస చేతుల్లో ఖాళీ పళ్లేలతోనే తిరిగి బోర్డు వైపు రావడం మొదలైంది.

రాయడం, తుడవడం. బాబాయి చొక్కా తెల్లబడిపోయింది. చివరకు గుడ్డ కింద పెట్టేశాడు.

"ఏంటది? తుడువు."

"నాకు చదువు రాదు సార్. కానీ ఇన్నిసార్లు తుడిచాక, ఏం రాశారో నాకూ వచ్చేసింది. ఇక నా వల్ల కాదు."

ప్రిన్సిపాల్ గారు తన చేతిరుమాలుతో తుడిచారు. మేం మళ్లీ రాశాం. సుద్దముక్కలు అయిపోయాయి. ఎవరో వంటగదిలోంచి బొగ్గులు తెచ్చారు. నల్లబోర్డు మీద బొగ్గు కనపడదు. పక్కన సున్నం వేసిన గోడ ఉంది, గేటు దాకా. గేటు బయట కూర్చున్న ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. ఊచల మధ్య నుంచి చేతులు చాపారు. వాళ్లకూ బొగ్గులు ఇచ్చాం. రాయడం రానివాళ్ల చెయ్యి పట్టుకుని నేను రాయించాను.

దీనివల్ల ఏదో గెలిచామని వంట పని చేసే అక్కలకూ, హాస్టళ్లలో తినే నా తోటివాళ్లకూ నేను చెప్పలేను. గరిటె అక్క రాదు. పిన్నినీ మైకన్ననూ ఇంకా వదల్లేదు. ప్రిన్సిపాల్ నోటి నుంచి ఆ ఒక్క మాట ఇప్పటికీ రాలేదు. మధ్యాహ్నం జీపు మళ్లీ వస్తుందని అందరికీ తెలుసు.

కానీ ఆయన తన గదిలోకి వెళ్లి బోర్డు దగ్గరికి తిరిగి వచ్చినప్పుడు ఎడమ సగం నిండి ఉంది, కుడి సగం ఖాళీగా ఉంది. తారీఖు లేదు, సమయం లేదు, స్థలం లేదు. ఆయన దాన్ని చూశారు, మమ్మల్ని చూశారు.

"ఇక్కడ ఏం రాయబోతున్నారు?"

ఆయన నా వైపు తిరిగారు.

"నిన్నే. బోర్డు రాసేది నువ్వేగా. తర్వాత ఏం చేయబోతున్నారు?"

అంతమందిలో నా నోరు పెగిలింది.

"ఈసారి రాయం సార్," అన్నాను.

ఆయన చేతిరుమాలు పట్టుకుని ఆ ఖాళీ వైపు చాలాసేపు చూస్తూ నిలబడ్డారు. అక్కడ తుడవడానికి ఏమీ లేదు.