నూలుపెట్టెలో అరవై వాట్లు

ఆదోని నుంచి ఎమ్మిగనూరు బస్సులో మీటరుపెట్టె ఒడిలో పెట్టుకుని కూర్చుంటే, కండక్టరు చూసి, కుదుపు తక్కువని ముందు సీటు ఇప్పించాడు. ఆ రోజు నాకు దొరికిన మొదటి దయ అది.

అది 1958, మాఘమాసం. నేను ఆదోనిలో కరెంటు సూపర్వైజరును. పొద్దున ఎమ్మిగనూరు నేతగాడు నరసప్ప ఆఫీసుకు వచ్చాడు. దీపం గుడ్డిగా వెలుగుతోందని చెప్పి ఊరుకోలేదు. నా చేయి పట్టుకుని, "బిడ్డ సల్లబడిపోతాండాదప్పా" అన్నాడు.

పురిటికి వచ్చిన అతని కూతురు పార్వతమ్మకు ఎనిమిదో నెలలోనే బిడ్డ పుట్టింది. డాక్టరమ్మ చెప్పినట్టు, నూలు వచ్చే చెక్కపెట్టెలో దూది పరిచి, లోపల అరవై వాట్ల బల్బులు రెండు తగిలించి, ఆ వెచ్చదనంలో పడుకోబెట్టారు. పగలు బాగానే ఉండేది. దీపాలు పెట్టే వేళకు పెట్టె చల్లబడేది.

నేను వెళ్లేసరికి పొద్దు గూకుతోంది. నరసప్ప భార్య నాగమ్మ పెట్టెలోకి చేతులు పెట్టి బిడ్డ పాదాలు రుద్దుతోంది. ఆ పాదం ఆమె బొటనవేలంత కూడా లేదు.

"నిన్న సందేళ నుంచి పాలు ముట్టల్యా" అంది పార్వతమ్మ, నా వైపు చూడకుండా.

"కుంపటి పెడితే పొగొస్తాదని డాక్టరమ్మ తిట్టె. పెద్ద బల్బులు పెడితే, వీధంతా పండుకున్యాక మండిపోయి బిడ్డ ఒళ్లు ఎర్రగాయ" అంది నాగమ్మ.

మీటరు తగిలించాను. రెండు వందల ముప్పై ఉండవలసిన చోట నూట యాభై వోల్టులు. రెండు బల్బులకూ కలిపి 0.4 ఆంపియరు. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే నిరోధం మూడు వందల డెబ్బై అయిదు ఓములు. నిండు వెలుగులో నాలుగు వందల నలభై దాకా ఉండాలి; వేడి తగ్గినందున అది కాస్త తగ్గింది, అంతే; బల్బుల్లో లోపమేమీ లేదు. వోల్టులనూ ఆంపియర్లనూ గుణిస్తే అరవై వాట్లు. నూట ఇరవై రావాలి. బిడ్డకు అందుతున్నది సగం.

"పోయిన అమావాస్య నాడు మాత్రం సందేళ నుంచే ఎచ్చగుండె" అంది నాగమ్మ. "అమావాస్య పసిబిడ్డకు మంచిది కాదంటారు. మాకు ఆ పొద్దే దేవుడు కనపడినాడు."

"ఆ రోజు వీధిలో ఏం జరిగిందమ్మా?"

"ఏం జరుగుతాది? అమావాస్య నాడు మావాళ్లు మగ్గం ముట్టరు గదా."

నేను లేచి బయటికి చూశాను. ప్రతి ఇంట్లో మగ్గం మీద రెండేసి నూరు వాట్ల బల్బులు. కరెంటు ఇచ్చినప్పుడు ఇంటికి ఒక్క నలభై వాట్ల బల్బే ఉండేది. దీపం మసకగా ఉందని ఒకరు ఆదోని నుంచి పెద్ద బల్బు తెచ్చారు. దాంతో పక్కింటి దీపం ఇంకా మసకబారింది. వాళ్లూ తెచ్చారు.

వీధి మొదట్లో కొలిచాను. రెండు వందల ముప్పై వోల్టులు, పదహారు ఆంపియర్లు. మధ్యలో ఎనభై వోల్టులు పోతున్నాయంటే తీగ నిరోధం ఐదు ఓములు. ఆ సన్నతీగ మీద వృథాగా పోతున్నది పన్నెండు వందల ఎనభై వాట్లు.

నరసప్ప అరుగు మీదకు నేతగాళ్లను పిలిచాడు. లావుతీగ రావడానికి నెల పడుతుందనీ, అందాకా సాయంత్రాలు ఇంటికి ఒక్క నలభై బల్బుతో సరిపెట్టుకోవాలనీ అడిగాను.

వీధికి పెద్దయిన శేషప్ప నవ్వాడు. "కరెంటిచ్చేది మీరే, ఆర్పమనేది మీరే. వచ్చే నెల పెండ్లిండ్లకు సీరలియ్యాల. మసకలో పోగు తెగితే అంచు ఎవరు నేస్తారప్పా, నువ్వా?"

"నేను నేస్తే ఎవరూ కట్టరన్నా."

"కట్టినా పెండ్లికొడుకు పారిపోతాడు" అన్నాడు వెనకనుంచి తిక్కయ్య. అందరూ నవ్వారు. నరసప్ప నవ్వలేదు.

"వీధి ఎంత ఎక్కువ లాగితే తీగ అంత ఎక్కువ మింగుతుందన్నా" అన్నాను. "ఇట్లాంటి పెట్టెలు పదింటిని వెచ్చగా ఉంచే వేడి ఇప్పుడు గాలికి పోతోంది."

"పది పెట్టెలా?" అన్నాడు శేషప్ప.

"పది."

శేషప్ప అరుగు దిగి వెళ్లిపోయాడు. కోపం వచ్చిందనుకున్నాను. నరసప్ప తల దించుకున్నాడు.

నేను లోపలికి వచ్చి పెట్టె పక్కన కూర్చున్నాను. నా భార్య అన్నపూర్ణ పోయాక, సాయంత్రం పూట ఒకరింట్లో ఇలా కూర్చోవడం అదే మొదలు. మీటరు ముల్లు నూట యాభై దగ్గరే ఉంది. తర్వాత కొంచెం కదిలింది. నరసప్ప గడపలోంచి, "శేషప్పన్న ఇంట్లో ఆరిపాయ" అన్నాడు. ముల్లు మళ్లీ కదిలింది. మగ్గాల చప్పుడు ఒక్కొక్కటే ఆగింది. చిన్న దీపాల కింద కండెలు చుట్టుకునే రాట్నాల చప్పుడు మొదలైంది.

రెండు వందల అయిదు దగ్గర ముల్లు నిలబడింది. 0.49 ఆంపియరు. వంద వాట్లు.

"ఎంతొచ్చె?" అంది నాగమ్మ.

"వంద."

"సాలునా అప్పా?"

వాట్లు లెక్కకట్టడం నాకు కాలేజీలో నేర్పారు. ప్రాణానికి ఎన్ని కావాలో ఎవరూ నేర్పలేదు. "కాసేపు చూద్దామమ్మా" అన్నాను.

చూశాం. చాలాసేపటికి పార్వతమ్మ దూదివత్తి పాలలో ముంచి బిడ్డ పెదవులకు ఆనించింది. పాలు చెంప మీదుగా కారిపోయాయి. మళ్లీ ముంచింది. ఈసారి పెదవులు కదిలాయి. ఆగాయి. మళ్లీ కదిలాయి.

"ఓ కరెంటప్పా!" వీధిలోంచి శేషప్ప గొంతు. "సాలునా, ఇంగా ఆర్పాల్నా?"

మాట్లాడితే బిడ్డ ఎక్కడ తాగడం మానుతుందోనని, గడప దగ్గరికి వెళ్లి, చాలన్నట్టు చేయి మాత్రం ఊపాను.