అరువు తూటాలు

మూస్ లాటరీలో నెడ్రా పేరు వచ్చిందని తెలిసిన రోజున ఆమె కంటే ముందు ఆమె భర్త ఆర్విల్ ఏడ్చాడు. పెళ్ళినాడు ఏడవని మనిషి, తండ్రిని పూడ్చిపెట్టిన రోజున కూడా గొంతు సవరించుకుని ఊరుకున్న మనిషి, వంటింట్లో గోడవైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు. మోంటానాలో ఎవరూ దీన్ని వింతగా చూడరు. మూస్ అంటే గుర్రాన్ని మించిన ఎత్తున, చేటలంత కొమ్ములతో తిరిగే దుప్పి. దాన్ని వేటాడే పర్మిట్ కోసం ఏటేటా దరఖాస్తు పెట్టి, అది చేతికి రాకుండానే కన్నుమూసినవాళ్ళు బిగ్ హోల్ లోయలో ఇంటికొకరుంటారు. ఒకసారి వచ్చాక మళ్ళీ ఏళ్ళ తరబడి పేరు ఇవ్వడానికి లేదు. అంటే అరవై దాటిన నెడ్రాకి ఇదే మొదలు, ఇదే చివర.

చిక్కంతా ఆమె కుడి భుజంతో వచ్చింది. గుర్రం మీంచి పడ్డప్పుడు విరిగిన ఎముకకి డాక్టరు ఇనుప పట్టీ వేసి బిగించాడు. పాత తుపాకీ ఒక్కసారి పేలిస్తే చాలు, వారం రోజులు చెయ్యి పైకి లేచేది కాదు. ఇంట్లో ఉన్న తుపాకులన్నీ ఆర్విల్‌వే, అన్నీ గాడిదలా తన్నేవే.

"నీకో తుపాకీ చేస్తాను," అన్నాడు ఆర్విల్. ఆ మాట అన్నాక ఇక అతన్ని పట్టడానికి లేదు. గని కంపెనీ వర్క్‌షాపులో లేతు మిషను మీద జీవితమంతా గడిపి రిటైరైన మనిషి. ఇంకొకరు బిగించిన మరను చూస్తే విప్పి మళ్ళీ బిగించేదాకా నిద్ర పట్టదు. ఇంటి వెనక షెడ్డులో దూరాడంటే భోజనానికి పిలిచినా పలకడు.

కంపెనీలు చేసే పాత ఏడు మిల్లీమీటర్ల తూటా ఒకటుంది. పెద్దగా తన్నదు, కానీ వేగమూ తక్కువే. మందు నింపే దాని ఇత్తడి డొప్పకి మెడ కింద భుజాలు వాలుగా ఉంటాయి. ఆ భుజాలను పైకెత్తి చదరం చేస్తే లోపల ఇంకాస్త మందు పడుతుంది, గుండు ఇంకాస్త జోరుగా పోతుంది. ఏ కొట్లోనూ దొరకని ఇలాంటి తూటాలను వేటగాళ్ళు వైల్డ్‌క్యాట్ అంటారు. ఎవడి పిచ్చికి తగ్గట్టు వాడు చేసుకోవలసిందే. ఆర్విల్ పిచ్చికి చాలామంది సాయం పట్టారు. తూటా కూర్చునే గదిని తొలిచే పనిముట్టును డిల్లన్‌లో ఒక ముసలాయన ఊరికే ఇచ్చి, పదును చెడకుండా తిరిగి పంపితే చాలన్నాడు. తుపాకీ భుజానికి ఆనే మడమకి వాల్‌నట్ చెక్కను ఒరెగాన్ నుంచి నెడ్రా తమ్ముడు పంపాడు. ఆర్విల్ ఆమె మెడ పొడుగూ, చేతి పొడుగూ, చెంప ఎముక ఎత్తూ దర్జీలా కొలిచాడు. నెడ్రా చెక్కను భుజానికి ఆనించుకున్న మొదటిసారే అది తన ఒంట్లో భాగంలా ఒదిగిపోయింది. ఈ లోకంలో తన కోసం, తన కొలతలకి ఒకరు కూర్చుని చేసిన వస్తువు అదొక్కటే అనిపించింది ఆమెకు. అదే మాట అతనితో అంది. అతను మెడ అలా వంచొద్దు, కొలత తప్పుతుందన్నాడు.

ఇక డొప్పలు సాగదీసే పని. కొట్లో కొన్న మామూలు తూటాను కొత్త గదిలో పెట్టి కాలిస్తే, లోపలి మంటకి ఇత్తడి ఉబ్బి గది ఆకారానికి వస్తుంది. వాలు భుజాలతో లోపలికి వెళ్ళింది చదరం భుజాలతో బయటికి వస్తుంది. ఆ డొప్పల్లోనే తర్వాత అసలు తూటాలు కూర్చాలి. వేసవంతా కంకర గుంట దగ్గర కూర్చుని మామూలు తూటాలు కాల్చడం నెడ్రా వంతు. అవి ఎక్కడ తగులుతున్నాయో ఆర్విల్ తలెత్తి చూసేవాడు కాదు. ఇవి లెక్కలోకి రావు, డొప్ప సాగడానికే అనేవాడు. వేడి వేడి డొప్పలను గుడ్లు ఏరినట్టు ఏరుకునేవాడు. నెడ్రాకి మాత్రం ఆ మెత్తటి తోపు నచ్చింది. భుజం నొప్పెట్టకుండా తుపాకీ పేల్చవచ్చని ఆమెకు నేర్పింది ఆ లెక్కలోకి రాని తూటాలే.

వాళ్ళు వేటకి గుడారం వేసే చోట, వాగుకి అవతలి గట్టున ఏటా లైల్ స్కోగెన్ గుడారం ఉంటుంది. లైల్‌కీ ఆర్విల్‌కీ ఉప్పూ నిప్పూ. లైల్ తాత కాలం నాటి తుపాకీ కూడా అదే ఏడు మిల్లీమీటర్లది. మడమ పగిలితే టేపు చుట్టి వాడుతున్నాడు, తూటాలు కొట్లో కొంటాడు. దాణా కొట్లో పదిమంది ముందు ఆర్విల్ ఆ తూటాలు కాల్చడం కంటే విసిరితే మేలన్నాడు. లైల్ ఊరుకునే రకం కాదు. "నీ తూటాకి బాప్తిస్మం కూడా ఇప్పించావా ఆర్విల్?" అని అడిగాడు. కొట్లో అందరూ పడీ పడీ నవ్వారు. ఆర్విల్ ఆ నవ్వును మర్చిపోలేదు.

సీజన్ మొదలైంది. నెడ్రా పర్మిట్ మగ మూస్‌కే. వారాలు గడిచాయి, కనిపించినవన్నీ పిల్లల తల్లులే. నవంబరు చివర థాంక్స్ గివింగ్ పండగ వచ్చేసింది. దాని తర్వాతి ఆదివారంతో వేట బంద్. ఆ ఆఖరి విడతకి బయల్దేరే ముందు ఆర్విల్‌కి బుద్ధి గడ్డి తిన్నది. అప్పటికే అతని తూటాలు ఒకదాని పక్కన ఒకటి తగులుతున్నాయి. అతనికి అది చాల్లేదు, అన్నీ ఒకే చిల్లులో పడాలి. గుండు బారెల్ లోపలి గాడులను ముందే తాకేలా ఉంటే గురి ఇంకా బిగుస్తుందని, డొప్పల్లోంచి గుండ్లను కొంచెం బయటికి జరిపాడు. అన్నిటినీ జరిపాడు. కంకర గుంట దగ్గర అట్టకి గురిపెట్టి పరీక్షిస్తే నిజంగానే ఒకే చిల్లు పడింది. తెచ్చి నెడ్రాకి చూపించి చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. ఆమె కూడా మురిసింది.

శనివారం పొద్దు వాలింది. రోజంతా మంచులో తిరిగి ఉత్త చేతులతో గుడారానికి చేరారు. తూటా ఉన్న తుపాకీతో గుడారంలో కాలు పెట్టడం ఆ లోయలో ఎవరూ చెయ్యని పని. నెడ్రా గుమ్మం బయట నిలబడి, తూటాను బయటికి తీసే బోల్ట్ వెనక్కి లాగింది. డొప్ప వచ్చింది, గుండు రాలేదు. అది గాడుల్లో ఇరుక్కుని బారెల్‌లోనే ఉండిపోయింది. నోరు తెరుచుకున్న డొప్పలోంచి మందు గింజలు తుపాకీ లోపలికీ, ట్రిగ్గర్ సందుల్లోకీ, మంచు మీదకీ జలజలా రాలాయి.

ఆర్విల్ చూశాడు. ఏమైందో ఆమెకంటే ముందే అతనికి తెలిసింది. దుంగ మీద కూలబడ్డాడు.

బారెల్‌లోంచి గుండును వెనక్కి నెట్టడానికి పొడుగాటి కడ్డీ కావాలి. అది ఇంట్లో షెడ్డు గోడకి వేలాడుతోంది. గడ్డకట్టిన కొండ దారిలో వెళ్ళి రావడానికి రేపటి పొద్దు కాస్తా పోతుంది. వచ్చినా ఏం లాభం, తెచ్చిన తూటాలన్నీ అలా జరిపినవే. నెడ్రాకి కోపం రాలేదంటే అబద్ధం. ఇన్నేళ్ళు ఎదురుచూసిన దాన్ని వెంట్రుకవాసి మురిపెం కోసం మంట్లో కలిపాడు. కానీ అతని చేతులు చూసింది. షెడ్డులో ఒక్క క్షణం ఊరకుండని ఆ చేతులు మోకాళ్ళ మీద పనిలేకుండా పడి ఉన్నాయి. ఆ చేతులే కదా తన చెంప ఎముక కొలిచిందని గుర్తొచ్చి కోపం సగానికి దిగింది.

"వేసవంతా నేను కాల్చింది ఏంటి మరి?" అంది.

అతనికి అర్థం కాలేదు.

"కొట్టు తూటాలేగా. ఈ తుపాకీలో అవీ పేలతాయి."

"అవి లెక్కలోకి రావు నెడ్రా."

"నీ లెక్కలోకి రావు. అవెక్కడ తగిలేవో నువ్వు చూడలేదు, నేను చూశాను. నీవాటి కంటే అరచేయంత కిందకి తగులుతాయి, అంతే. నేను అరచేయంత పైకి పెట్టుకుంటాను."

ఆ తూటాలు ఈ లోయలో ఎవరి దగ్గరున్నాయో ఇద్దరికీ తెలుసు. నెడ్రా చేతి తొడుగులు వేసుకోబోయింది. ఈలోగా ఆర్విల్ లేచి టోపీ పెట్టుకున్నాడు. ఆమె కోసం ఆగకుండా వాగు మీది మంచులోకి దిగిపోయాడు. నెడ్రా తుపాకీ పట్టుకుని వెనకాలే నడిచింది.

లైల్ పండగ నాటి టర్కీ కోడి మాంసం పెనం మీద వేడిచేసుకుంటున్నాడు. ఆర్విల్ గుడారం గుమ్మంలో నిలబడి, జరిగింది ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. లైల్ గరిటె తిప్పుతూనే ఉన్నాడు.

"అయితే నీ మహారాణి తుపాకీకి నా చెత్త తూటాలు కావాలంటావు."

"కావాలి."

"ఇంకోసారి అను. సరిగ్గా వినబడలేదు."

నెడ్రా అడ్డుపడబోయింది. ఆర్విల్ చెయ్యెత్తి ఆపాడు. "కావాలి లైల్. తప్పు నాది, నష్టం తనకి."

లైల్ గరిటె ఆగింది. పెనం దించి పక్కన పెట్టి బయటికి వెళ్ళాడు, బండిలోంచి కడ్డీ తెచ్చాడు. లాంతరు ఆర్విల్‌కిచ్చి తనే కూర్చున్నాడు. బారెల్ మూతి వైపు నుంచి కడ్డీ దించి మెల్లగా తట్టాడు. గుండు వెనక్కి జారి అరచేతిలో పడింది. ట్రిగ్గర్ సందుల్లోంచి మందు గింజలన్నీ దులిపి, తుడిచి, బోల్ట్ ఆడించి చూపించాడు. ఆ తర్వాత పెట్టెలో మిగిలిన తూటాలన్నీ నెడ్రా కోటు జేబులో పోశాడు.

మరి నీకో అని అడిగింది నెడ్రా. లైల్ ఈ ఏడు మాంసానికి ఇంకా ఒక్క ఎల్క్ దుప్పిని కూడా కొట్టలేదని ఆమెకు తెలుసు. కూతురూ ఆమె పిల్లలూ అతని ఇంట్లోనే ఉంటున్నారు. ఆ ఇంట్లో చలికాలమంతా తినేది అతను కొట్టుకొచ్చిన మాంసమే. రేపు తనకి నడుం నొప్పి వచ్చేలా ఉందన్నాడు లైల్. పైగా బీవర్లనే నీటి జంతువులు వాగుకి అడ్డు కట్టిన చెరువుల దగ్గర ఒక మగ మూస్‌ని మొన్న చూశాడట. దారి తను చూపించకపోతే ఆర్విల్ బుర్రకి తోచదట.

ఆదివారం తెల్లవారింది. ముగ్గురూ బయల్దేరారు. లైల్ తన తుపాకీని గుడారంలోనే వదిలేసి, మంచు మీద జారే బండ్లు రెండు తాడుకట్టి లాక్కొచ్చాడు. ఆర్విల్ గాలి ఎటు వీస్తోందో చూస్తూ తల పైకెత్తి నడుస్తున్నాడు. పైన్ చెట్ల అంచున ఎల్క్ మంద దాటిన జాడలు కనిపించాయి. అప్పుడే దాటినవి, పెంటికలు ఇంకా పొగలు కక్కుతున్నాయి. లైల్ ఆగాడు. జాడలు వెళ్ళిన చెట్లవైపు ఒక్క క్షణం చూశాడు. తర్వాత వాటిని దాటి ముందుకు నడిచాడు. నెడ్రా చెయ్యి తెలియకుండానే జేబులోని తూటాల మీదకి పోయింది. పిలుద్దామనుకుంది. అప్పటికే లైల్ వంగి, చెరువు వైపు వేలు చూపిస్తున్నాడు.

మూస్ విల్లో పొదల మధ్య నడుముదాకా మునిగి కొమ్మలు నములుతోంది. వీపు మీద మంచు పేరుకుని ఉంది. నెడ్రా కూర్చుంది. సంచీ మీద తుపాకీ ఆనించి చెంప ఆనించింది. ఆర్విల్ ఊపిరి చెవి పక్కనే వినిపిస్తోంది. పెళ్ళయినప్పటి నుంచీ అన్నిటికీ సలహా చెప్పిన మనిషి ఈ ఒక్కసారి నోరు మెదపలేదు. మూస్ పక్కకి తిరిగి నిలబడింది. ఆమె అరచేయంత పైకి పెట్టుకుని మీట నొక్కింది. తుపాకీ భుజాన్ని మెత్తగా నెట్టింది, వేసవిలో నెట్టినట్టే. మూస్ కొన్ని అడుగులు నడిచి, ఆగి, ఆలోచిస్తున్నట్టు నిలబడి, పొదల మీదకి ఒరిగింది.

దగ్గరికి వెళ్ళి నెడ్రా దాని మెడ మీద చెయ్యి వేసింది. వెచ్చగా ఉంది. థాంక్స్ అని దానికే మొదట చెప్పింది. తర్వాత ఏడుపు ఆపుకోలేకపోయింది. ఆర్విల్ ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. క్షమించమని అడగబోతున్నాడని తెలిసి ఆమె అతని నోటి మీద చెయ్యి పెట్టింది. తన భుజం కొంచెం కూడా నొప్పెట్టలేదంది. ఈ తుపాకీ లేకపోతే తను ఇంత దూరం వచ్చేదే కాదంది. అతను ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. తర్వాత లేచి లైల్ దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపాడు.

"థాంక్స్ లైల్."

"ఏంటి, జ్వరమొచ్చిందా?" అన్నాడు లైల్. కానీ ఆ చెయ్యి గట్టిగానే పట్టుకున్నాడు.

కోసి ముక్కలు చేసేసరికి మధ్యాహ్నం దాటింది. నెడ్రా మాంసాన్ని రెండు బండ్ల మీదకి సమంగా సర్దించింది. ఒక బండి తాడు లైల్ చేతిలో పెట్టి, ఇది నీ ఇంటికంది.

"ఇంత నాకెందుకు? ఒక ముందుకాలు చాలు. ఒక్క తూటాకి ఇంత ఖరీదా?"

"పర్మిట్ నాది, దుప్పి నాది. ఎవరికెంతో నేను చెప్తాను. తూటాకి కాదు లైల్. పొద్దున నువ్వు దాటేసిన జాడలు నేనూ చూశాను."

లైల్ బూట్ల వైపు చూసుకున్నాడు. 

"ఏం జాడలు?" అన్నాడు ఆర్విల్. గాలి చూస్తూ నడిచినవాడికి నేల మీదది కనిపించలేదు.

నెడ్రా చెప్పింది. ఎల్క్ మంద అనీ, తాజా జాడలనీ, లైల్ ఆగి చూసి వచ్చేశాడనీ.  మంచు మళ్ళీ మొదలైంది. ఆర్విల్ తమ బండి దగ్గరికి వెళ్ళి, పైనున్న ముందుకాలిని రెండు చేతులతో లేపి, తీసుకెళ్ళి లైల్ బండి మీద పెట్టాడు. తాడు బిగించి ముడి వేశాడు. లైల్ బండి తాడు భుజానికి వేసుకున్నాడు.