మడత బల్లకు తాళం

మూడు ఆదివారాలుగా ఆ ఇంట్లో ఒకటే పురాణం. గోడ అలమరాకు తలుపులా మూసుకునే మడత బల్లకు ఏ సామాను బిగించాలి? బల్ల ఇల్లాలి కోసం, ఎంపిక మాత్రం ఆవిడ భర్తది. పిల్లల బట్టలు కుట్టే కంపెనీకి ఆమె ఇంట్లోనే కాగితం మీద కొలతలు గీసి, నమూనాలు కత్తిరించి ఇస్తుంది. సోమవారం నుంచి కొత్త పని మొదలు. ఈసారి ఒక్క ముక్క పోయినా ఇక పని ఇవ్వనని అక్కడి మేనేజరమ్మ మొహం మీదే చెప్పేసింది.

చెక్క కోసి సిద్ధంగా ఉంది. వడ్రంగి మేస్త్రి సంచీ బోర్లించాడు. గొలుసులు, మడత పట్టీలు, గ్యాస్ పంపులు నేల మీద పరుచుకున్నాయి. కోతికి కొబ్బరికాయ దొరికినట్టు భర్తగారు ఒక్కోటీ తీసి తిప్పి తిప్పి చూడసాగాడు.

"గొలుసు వేలాడుతుంది. చూడ్డానికి బాగోదు."

"పోనీ పంపు వేద్దాం సార్. చెయ్యి వదిలేసినా బల్ల మెల్లిగా దిగుతుంది."

"ఎంత మెల్లిగా?"

మేస్త్రి అరచెయ్యి కిందికి దించి చూపించాడు. ఇంకాస్త మెల్లిగా దిగేది ఉందా అన్నాడాయన. అక్కడే నిలబడ్డ భార్యకు తల ప్రాణం తోకకొచ్చింది.

"ఇందులో తాళం ఏది?" అంది.

"తాళం దేనికమ్మా? మూస్తే పట్టి ఉంచడానికి అయస్కాంతం ఉందిగా," అన్నాడు మేస్త్రి.

"మా ఇంట్లోవాళ్లని ఆపడానికి అయస్కాంతం చాలదు."

"సొంతింట్లో తాళమేంటి? ఇక్కడ దొంగలెవరున్నారు?" అన్నాడు భర్త.

అత్తగారు వంటింట్లోంచి వచ్చింది. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. నీ కాగితాలు మేమేమన్నా తింటామా?"

"తినరు అత్తయ్యా. డబ్బాల కింద పరుస్తారు."

పోయిన నెల జరిగింది అదే. చొక్కా చేతి నమూనా కనబడక రెండు రోజులు ఇల్లంతా గాలిస్తే, వంటింటి అరలో నూనె మరకలతో దొరికింది. వీపు ముక్క మీద భర్త ప్లంబరు నంబరు రాసుకున్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటులా, కుర్చీ ఊగుతోందని కాలరు ముక్కను నాలుగు మడతలు పెట్టి దాని కాలి కింద దూర్చాడు కూడా.

"భోజనాల బల్ల మీద చేసుకోమన్నారు, మంచం మీద చేసుకోమన్నారు, ఇస్త్రీ బల్ల మీద చేసుకోమన్నారు. ఎక్కడ కూర్చున్నా గంటలో మీ సామాను వచ్చి చేరింది. నేను తెరిస్తేనే తెరుచుకునే చోటు ఒక్కటి అడుగుతున్నాను. ఈ పంపులూ వద్దు, ఏమీ వద్దు, గొలుసు చాలు. తాళం లేకపోతే బల్లే వద్దు."

ఏడుపొస్తున్నందుకు ఆమెకు ఇంకా ఒళ్లు మండింది.

భర్త పంపు కింద పెట్టేశాడు. మేస్త్రి గొలుసులు బిగించి, సంచీ అడుగు నుంచి ఒక తాళం వెతికి తీసి, చెక్కకు చిల్లు పెట్టి అమర్చాడు. అలవాటు కొద్దీ తాళంచెవులు రెండూ ఇంటాయన చేతికిచ్చాడు. ఆయన ఒకటి భార్యకిచ్చాడు.

"రెండోది నా దగ్గరుంటుందిలే. నీది పోతే పనికొస్తుంది."

"పోతే మేస్త్రిని పిలుచుకుంటాను. ఇవ్వండి," అని ఆమె చెయ్యి చాచింది. ఆయన మూతి ముడుచుకుని ఇచ్చాడు.

అత్తగారు ఆ తాళంచెవుల వైపే చూస్తూ నిలబడింది. కోడలి మీద అలిగిందనే అందరూ అనుకున్నారు. మేస్త్రి సామాను సర్దుకుంటుంటే ఆవిడ దగ్గరికొచ్చి, అలమరా అడుగున ఉన్న చిన్న అర చూపించింది.

"దీనికీ ఒక తలుపు పెట్టి తాళం వెయ్యి నాయనా."

"నీకెందుకమ్మా? నువ్వేం దాచుకుంటావు?" అన్నాడు కొడుకు.

ఆవిడ అతని వంక చూడలేదు.

"తాళంచెవి ఒక్కటే ఇవ్వు," అంది మేస్త్రితో. "రెండోది వద్దు."