స్వాగతం, పంతొమ్మిదిసార్లు

అరవై ఒక్క రోజుల మాటలు పోయింది ఒక మంగళవారం ఉదయం, టీ వేళకు.

కండక్టరుగారు అలవాటు ప్రకారం కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఫోన్ తెరిచారు. పక్షవాతం వచ్చి మాట పడిపోయిన దగ్గర్నుంచి, కూతురు తయారుచేసిన యాప్‌లో రోజూ మాటలు పలకడం ఆయనకు ఉద్యోగమైంది. బొమ్మ కనబడుతుంది, మాట వినబడుతుంది, తను పలకాలి. సరిగ్గా పలికితే బొమ్మ పక్కన ఆకుపచ్చ చుక్క పడుతుంది, పలికిన గొంతు అందులో దాచి ఉంటుంది. సోమవారం సాయంత్రానికి నూట నలభై రెండు చుక్కలు. మంగళవారం ఉదయానికి ఒక్కటీ లేదు. 'స్వాగతం, మీ పేరేమిటి?' అని అడిగింది యాప్, ఆయన ముఖం ఎన్నడూ చూడనట్టు.

ఆయన ఫోన్‌ను బోర్లా పెట్టి, బల్ల మీద వేలి కణుపుతో ఒక్కసారి కొట్టారు.

ముప్ఫై నాలుగేళ్లు బస్సులో గంట కొట్టిన మనిషి. ఒక గంటకు బస్సు ఆగాలి, రెండు గంటలకు కదలాలి. మాట పోయాక ఇంట్లోనూ అదే భాష. ఒక్క దెబ్బ అంటే వద్దు, కాదు, ఆపు. రెండు దెబ్బలంటే ఔను, కానివ్వండి. ఆ మంగళవారం తర్వాత ఫోన్ సంగతి ఎవరెత్తినా ఒక్క దెబ్బే.

మాటలు నేర్పే డాక్టరమ్మ వచ్చి చూసి, ఈ ఆరు నెలలే ముఖ్యమనీ, ఇప్పుడు సాధన ఆగితే వచ్చిన మాటలు కూడా వెనక్కి పోతాయనీ చెప్పి వెళ్లింది. ఆయన భార్య బతిమాలింది, అలిగింది, చివరికి వంటింట్లోంచి వినబడేట్టు సణిగింది. ఏదీ పనిచేయలేదు. కూతురు చూడటానికి వచ్చినప్పుడు అమ్మ ఆమెను తలుపు చాటుకు లాక్కెళ్లింది.

"మీ నాన్న తన వేలే ఏదో నొక్కేసిందనుకుంటున్నారే. పొద్దస్తమానం ఆ బొటనవేలు వంకే చూసుకుంటున్నారు."

కూతురు తలుపు సందులోంచి ఆ వేలి వంక చూసింది. చుక్కలు పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు. తన చేయి తనను మోసం చేసిందని ఆయన నమ్మితే దానికి మందు లేదు.

ఆమె ఆఫీసు సైకిళ్ల దుకాణం మీది గది. రెండు బల్లలు, ఒక ఫ్యాను, పరీక్షలకు రెండు ఫోన్లు. ఒకదానికి ఎర్ర కవరు, ఒకదానికి నల్ల కవరు. లోకంలో ఉన్న రెండు రకాల ఫోన్లకూ అవి ప్రతినిధులు. ఒక్కసారి రాస్తే రెండిటిలోనూ నడిచేలా యాప్ రాసింది ఆమె, ఆమె మరిది కలిసి. దాన్ని మూడు వందల పన్నెండు మంది రోగులు వాడుతున్నారు. వాళ్లలో ఎవరి ఫోన్‌లోనైనా యాప్ కుప్పకూలితే వీళ్లకు తెలిసే దారి లేదు. క్రాష్ రిపోర్టు పెడదామని మరిది ఏడాదిగా పోరుతున్నాడు. రోగుల ఫోన్లలోకి తొంగిచూడటం ఏం మర్యాదని ఆమె వాయిదా వేస్తూ వచ్చింది. ఇప్పుడామె సరేననగానే అతను మహా హుషారుగా ఈల వేశాడు.

రెండు రోజుల్లో ఏర్పాటు పూర్తయింది. యాప్ కూలితే, ఏ ఫోన్‌లో, ప్రోగ్రాములో ఏ లైను దగ్గర కూలిందో రాసిపెట్టుకుని, మళ్లీ తెరిచినప్పుడు ఆఫీసుకు పంపుతుంది. దాంతోపాటు ఏ పేజీ ఎన్నిసార్లు తెరిచారో లెక్క. గొంతులు, పేర్లు మాత్రం ఫోన్ దాటవు. ఇదంతా మనిషి ఒప్పుకుంటేనే. ముందు సొంతవాళ్ల మీద ప్రయోగం కాబట్టి కూతురు ఇంటికెళ్లి అమ్మానాన్నల ఫోన్లలో కొత్త యాప్ వేస్తూ సంగతి వివరించింది.

"అంటే ఆయన ఎప్పుడు ఏం చేస్తున్నారో కనిపెట్టే యంత్రమా?" అంది అమ్మ. "నలభై ఏళ్లుగా నేను చేస్తున్నది అదేగా. నాకెవరూ యాప్ అనలేదు."

కండక్టరుగారు రెండుసార్లు కొట్టారు. ఒప్పుకున్నది లెక్కకో, భార్య మాటకో తెలియలేదు.

మూడు రోజులు రిపోర్టుల పేజీ ఖాళీ. నాలుగో రోజు మధ్యాహ్నం మరిది కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"వదినా, కొంప మునిగింది. పొద్దుట్నుంచి నలభై ఒక్కసార్లు కూలింది. అన్నీ ఒకే ఫోన్."

"ఏ లైను?"

అతను చూశాడు. చూసి, తల గోక్కున్నాడు. రిపోర్టులు వస్తాయో రావో తెలియాలంటే యాప్‌ను కావాలనే కూల్చి చూడాలి. అందుకని అతనొక పెద్ద ఎర్ర మీట పెట్టి, దాని మీద 'పడగొట్టు' అని రాశాడు. అది ఆఫీసులోనే కనబడాలి. నల్ల కవరు రకంలో దాచాడు, ఎర్ర కవరు రకంలో దాచడం మరిచాడు. కండక్టరుగారిది ఎర్ర కవరు రకం.

కూతురు ఇంటికి ఫోన్ చేసింది. అమ్మ గొంతు తగ్గించి మాట్లాడింది. ఆయన పొద్దున ఏ బుద్ధి పుట్టిందో ఫోన్ తీశారట. యాప్ తెరుస్తారు, ఏదో పలుకుతారు, ఎర్ర మీట నొక్కుతారు, యాప్ మాయమవుతుంది, ఆయన నవ్వుతారు. మళ్లీ తెరుస్తారు. తన ఫోన్‌లో అలాంటి మీట ఎందుకు పెట్టలేదని అమ్మ ఫిర్యాదు కూడా చేసింది.

మరిది సిగ్గుపడి ఆ మీట వెంటనే తీసేస్తానన్నాడు. ఆమె వినిపించుకోలేదు. పేజీల లెక్క చూస్తోంది. స్వాగతం పేజీ, పంతొమ్మిదిసార్లు.

"ఏమయ్యా, ఒక మనిషి ఒక యాప్‌కు ఎన్నిసార్లు కొత్తవాడు?"

"ఒక్కసారే."

"మా నాన్న ఇవాళ పంతొమ్మిదిసార్లు కొత్తవాడయ్యాడు."

ఇద్దరూ టీలు చల్లార్చుకుంటూ ఒక్కొక్క రిపోర్టూ విప్పారు. బొమ్మ చూస్తుండగా కూలిన యాప్ బుద్ధిగా లేచింది. పలికిన మాటను దాచుకుంటుండగా కూలినప్పుడల్లా అన్నీ మరిచిపోయి లేచింది. చుక్కలూ గొంతులూ అన్నీ ఒకే ఫైలులో ఉన్నాయి. అది సగం రాసి ఆగితే మళ్లీ చదవడం కుదరదు. చదవలేకపోతే ఏం చేయాలో చెప్పే లైను కోసం వెతికితే దొరికింది. కొత్త ఫైలు మొదలుపెట్టమని ఉంది అందులో. దాని పైన, రాసినవాళ్లు తమ కోసం పెట్టుకున్న గుర్తు: 'ఏమీ అనొద్దు. కంగారు పడతారు.'

ఆ గుర్తు ఆమెదే. తొలి రోజుల్లో ఒక ముసలావిడ తెర మీద ఎర్ర అక్షరాలు చూసి, తనే పాడుచేశానని ఏడ్చింది. ఆ రోజు ఆమె తీర్మానించుకుంది, తన యాప్ ఏ రోగికీ తప్పు జరిగిందని చెప్పకూడదని. అది చెప్పలేదు. నిశ్శబ్దంగా మరిచిపోతూ వచ్చింది. పైకి కూలకుండానే మరిచిపోయేది కాబట్టి క్రాష్ రిపోర్టుకూ చిక్కేది కాదు. ఆ సోమవారం సాయంత్రం సాధన మధ్యలో చార్జి అయిపోయి ఫోన్ ఆగిపోయిందని అడిగితే అమ్మ చెప్పింది.

ఆమె ఆ లైను కాగితం మీద అచ్చు తీసుకుని ఇంటికి వెళ్లింది. కుర్చీ పక్కన నేల మీద కూర్చుని, కాగితం ఆయన ఒళ్లో పెట్టి, సంగతంతా మొదటినుంచి నెమ్మదిగా చెప్పింది.

"నాన్నా, నీ వేలు ఏమీ చేయలేదు. ఈ లైను నేను రాశాను. పొరపాటు నాది. నువ్వివాళ పంతొమ్మిదిసార్లు పట్టుకున్నావు కాబట్టి తెలిసింది."

ఆయన కాగితం చూశారు. బొటనవేలు చూసుకున్నారు. తర్వాత కూతురి వంక, టికెట్టు లేని ప్రయాణికుణ్ణి చూసినట్టు చూసి, చేయి చాపారు. పెదవులు కాసేపు తంటాలు పడ్డాయి.

"ఫై... ఫైను."

అమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఆ మాట యాప్‌లో లేదు. ఏ బొమ్మా, ఏ చుక్కా నేర్పని మాట.

"వేయండి, బాగా వేయండి," అంది అమ్మ, కొంగుతో కళ్లు తుడుచుకుని నవ్వుతూ. "చిన్నప్పట్నుంచీ దీనికి అన్నీ దాచడమే అలవాటు."

మర్నాటికి కొత్త యాప్ సిద్ధమైంది. ముందు కొత్త ఫైలు పూర్తిగా రాసి, అది చదివి చూసుకున్నాకే పాతది తీసేస్తుంది. చదవలేకపోతే, 'పొరపాటు మాది, మీది కాదు' అని నల్ల అక్షరాలతో చెబుతుంది. ఎర్ర మీటను మరిది తీసేశాడు, ఒక్క కండక్టరుగారి ఫోన్‌లో తప్ప. తీస్తాననేసరికి ఆయన బల్ల మీద ఒక్క దెబ్బ కొట్టారు, గట్టిగా.

ఆయన మొదటి బొమ్మ నుంచి మళ్లీ మొదలుపెట్టారు. శుక్రవారానికి ముప్ఫై ఏడు చుక్కలు పడ్డాయి. పోయిన గొంతులు మాత్రం తిరిగి రాలేదు.

మిగిలిన రోగుల్లో ఎందరి చుక్కలు అలా పోయాయో, వాళ్లలో ఎందరు తమ చేతినే తప్పు పట్టుకుని సాధన మానేశారో ఏ లెక్కా చెప్పదు, ఒక్కొక్కరినీ అడగాల్సిందే. మూడు వందల పన్నెండు మందిలో ఆమె ఇంతవరకు తొమ్మిది మందికి ఫోన్ చేసింది.