పెళ్లి అని రాసిన సెలవు చీటీలు

నాలుగో అంతస్తులో మూల బల్ల దగ్గర పనిచేసే అమ్మాయిని ఆ మధ్యాహ్నం తీసేశారు. ఫైళ్లు తక్కువ చేసిందట. ఆమె దగ్గుతూనే తన గ్లాసూ శాలువా సంచీలో వేసుకుంది. ఎవరూ తలెత్తలేదు. అందరూ టైపు అక్క అని పిలిచే టైపిస్టు కూడా ఎత్తలేదు. ఆమెకూ ఆయాసమే. తన జీతం మీదే ఇల్లు నడుస్తోంది. ఆ జబ్బు తన ఒక్కదానిదే అనుకోవడం ఆమెకు అలవాటైంది. అందులో ఒక హాయి ఉంది: ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఏసీ బాగుచేసే మనిషి నిచ్చెన దిగాడు.

"పైన గొట్టం నిండా బూజే అక్కా. కరెంటు మిగులుతుందని బయటి గాలి దారి మూసేయించారు. మూడేళ్లుగా మీరు వదిలిన గాలే మీరు పీలుస్తున్నారు."

అక్క లేచింది. ఎందుకు లేచిందో ఆమెకే తెలియదు. వెనక ఇరవై మంది లేచారు. ఈ గాలే జబ్బు తెచ్చిందని చెప్పడానికి అందరూ మేనేజరు గదిలోకి వెళ్లారు.

మేనేజరు సెలవు చీటీల కట్ట బల్ల మీద పడేశాడు.

"మీ రాతలే. ఒకరికి పెళ్లి, ఒకరికి ఇల్లు మారడం. ఇదిగో, ఈయనకు బామ్మ నాలుగోసారి పోయింది! మూడేళ్లలో జబ్బు చేసిందని ఒక్కరైనా రాశారా?"

"జబ్బని రాస్తే జీతం పెంచరుగా!" అన్నాడు బామ్మలాయన. నవ్వబోయి దగ్గాడు.

నిజమే. ఎవరికి వారే దాచుకున్నారు. పక్కవాడి దగ్గు వినపడనట్టు నటించారు. టైపు అక్క చీటీలు మూడున్నాయి కట్టలో. మూడింటిలోనూ మరిది పెళ్లే. ఆమెకు మరిదే లేడు.

సిగ్గుకంటే అలసటే ఎక్కువగా అనిపించింది. ఆ మూడూ బయటికి లాగింది. పెళ్లి కొట్టేసి, 'ఊపిరాడలేదు' అని రాసి, కింద సంతకం చేసింది.

"కరెంటు మీకు మిగిలింది, మందుల ఖర్చు మాకు మిగిలింది. ముందు ఆ పిల్లను వెనక్కి పిలవండి. గాలి దారి తెరవండి. అప్పుడే కూర్చుంటాం."

"నీ ఉద్యోగం పోతుందమ్మా."

"తెలుసు సార్."

బామ్మలాయన కలం అడిగాడు. ఆయన వెనక మరొకరు చెయ్యి చాపారు. కాగితాలు చేతులు మారుతున్నాయి. నినాదాలకు ఎవరి దగ్గరా ఊపిరి లేదు.

మేనేజరు గంట కొట్టాడు. కాపలా మనిషి వచ్చాడు.

"వీళ్లను బయటికి గెంటు!"

అతను లాఠీ గోడకు ఆనించాడు.

"ఆ కట్టలో నాదీ ఒకటుంది సార్. వెతుక్కోనివ్వండి."